ఆంగ్లమున ‘గో’ క్రియ చరిత్ర: స్థానము, ఆదేశము

సంస్కృతము చదివి ఆంగ్లమును బోధించు వారిలోను, ఆంగ్లము చదివి భాషాశాస్త్రమున ప్రవేశించు విద్యార్థులలోను ఒక సమీకరణము తరచుగా వినబడుచుండును. ఆంగ్లమున ‘గో’ అనగా పోవుట. సంస్కృతమున ‘గమ్’ అనగా పోవుట. రెండింటను ఆదివర్ణము గకారమే. శబ్దము కలిసినది, అర్థము కలిసినది, రెండు భాషలును ఒకే కుటుంబమునకు చెందినవి. ఇంతకంటె వేరు సాక్ష్యమేల యని తోచును. కాని ఈ సమీకరణము సత్యము కాదు. ఇది ఎందుచేత సత్యము కాదో విచారించినచో ఆ చిన్న క్రియ చరిత్ర యెంత విచిత్రమైనదో, ఏ భాషయందైనను పదచరిత్రను వ్రాయునపుడు మనము దేనిని వెదకవలయునో తెలియగలదు. అందులకే ఈ వ్యాసము.

1

సంస్కృతాంగ్లములకు గల శబ్దసంబంధము యాదృచ్ఛికమైన పోలికలపై గాక, నియతములైన ధ్వనిపరిణామములపై ఆధారపడియున్నది. జాకబ్ గ్రిమ్ 1822లో ప్రకటించిన వర్ణపరిణామ సూత్రముల ననుసరించి, మూలభాషలోని అల్పప్రాణ గకారము జర్మానిక్ భాషలందు కకార మగును. సంస్కృతమున పశువాచకమైన ‘గో’ శబ్దము ఆంగ్లమున ‘కౌ’ అయినది. ‘యుగము’ అను కాడి ‘యోక్’ అయినది. ఈ క్రమమున ‘గమ్’ ధాతువునకు ఆంగ్లమున కకారాదియైన రూపమే ఉండవలయును. అట్లే ఉన్నది. అదియే ‘కమ్’. మనకు పోవుటయైన ‘గమ్’ వారికి వచ్చుట యైనది. లాటిను భాషలో వచ్చుట అను అర్థము గల ‘వెనీరె’ కూడ ఈ ధాతువు సంతతియే.

మరి ఆంగ్ల ‘గో’కు సంస్కృతమున జ్ఞాతి యెవరు? జర్మానిక్ గకారము మూలభాషలోని మహాప్రాణము నుండి వచ్చినది. ఆ మహాప్రాణములలో తాలవ్యమైనది సంస్కృతమున హకారముగా నిలిచినది. ‘హంస’కును ఆంగ్లమున ‘గూస్’ అను బాతుపేరునకును గల సంబంధ మిట్టిది. దీని ననుసరించి ‘గో’ క్రియకు విడుచుట, కదలిపోవుట అను అర్థములు గల ‘హా’ ధాతువు (జహాతి, జిహీతే) జ్ఞాతియని పలువురు పండితులు భావించుచున్నారు. మొదట చూచిన సమీకరణమునందు రెండు పక్షములును ఇట్లు తారుమారైనవి. చెవికి దగ్గరగా నున్నది వంశమున దూరమైనది; చెవికి దూరముగా నున్నది వంశమున దగ్గరైనది. ఆంగ్ల భూతకాలరూపమైన ‘వెంట్’ను చూచి మన ‘వెంట’తో ముడిపెట్టుట కూడ ఇట్టి పొరపాటే యగును.

2

పదునొకండవ శతాబ్దాంతము వరకు వాడుకలోనున్న ప్రాచీనాంగ్లమున ఈ క్రియ తుమున్నర్థక రూపము ‘గాన్’. దీనికి ఆ కాలమందే సొంత భూతకాలము లేదు. వర్తమానమున ‘గాన్’ రూపములు. భూతమున ‘ఏఓడె’ అను, ఏ విధముగను ‘గాన్’ నుండి నిష్పన్నము కాజాలని మరియొక రూపము. అనగా నేటి విద్యార్థిని బాధించు అసాధారణత్వము నిన్నటిది కాదు. ‘వెంట్’ రాకమునుపే ఆ పీఠముపై ఒక పరాయివాడు కూర్చుండి యుండెను.

ఈ ‘ఏఓడె’ యెక్కడిది? నాలుగవ శతాబ్దమున వుల్ఫిలా బైబిలును గోతిక్ భాషలోనికి అనువదించెను. ఆ భాషలో పోవుట ‘గంగన్’, దాని భూతకాలము ‘ఇడ్డ్య’. ఈ ‘ఇడ్డ్య’ను సంస్కృత ‘ఇ’ ధాతువుతోను (ఏతి), లాటిను ‘ఈరె’తోను ముడిపెట్టుదురు. ‘ఏఓడె’ కూడ ఆ శాఖకు చెందినదే యని పలువురి యభిప్రాయము. వివరములందు మాత్రము ఏకాభిప్రాయము లేదు. ‘గాన్’ క్రియతో సంబంధము లేని వేరొక మూలమునుండి అది వచ్చినదనుట నిస్సందేహము.

ప్రాచీనాంగ్లమున ‘గంగన్’ అను తోబుట్టువు వంటి క్రియ కూడ ఉండెను. క్రియగా అది స్కాట్లండు వ్యవహారమున ‘గ్యాంగ్’ అను రూపమున నిలిచినది. ప్రామాణికాంగ్లమున క్రియగా అంతరించి నామముగా మిగిలినది. ఆ నామమునకు మొదట నడక, ప్రయాణము అని అర్థము. పిమ్మట ఒక్కసారిగా కలిసి పోవు వస్తువుల జత. ఆ పిమ్మట కలిసి పనిచేయు కూలీల గుంపు. రైలు మార్గములను బాగుచేయు గ్యాంగును, గ్యాంగుమనును ఎరుగని తెలుగు పల్లె యరుదు. ఆ మాటలో పోవుట అను అర్థము దాగియున్నదని తలంచువారు అంతకంటె అరుదు.

3

‘ఏఓడె’ మధ్యయుగాంగ్లమున ‘యేడె’, ‘యోడె’ మున్నగు రూపములను పొందినది. అదే కాలమున ‘వెండ్’ అను మరియొక క్రియ దానికి పోటీగా వచ్చినది. ప్రాచీనాంగ్లమున దీని రూపము ‘వెండన్’. అర్థము తిప్పుట, తిరుగుట. ఇది చుట్టుట అను అర్థము గల ‘విండన్’ క్రియకు ప్రేరణరూపము. తిరుగుట నుండి దారిపట్టుట, దారిపట్టుట నుండి పోవుట అను అర్థములు క్రమముగ ఏర్పడినవి. తెలుగువారికి ఇది వింత గాదు. చక్రము తిరుగుచున్నది, వాడు ఊరంతయు తిరుగుచున్నాడు అను వాక్యములలో మన ‘తిరుగు’ ధాతువు ఈ మార్గముననే కొంతదూరము నడచినది.

‘వెండ్’ భూతకాలరూపము ‘వెండె’. ‘సెండ్’కు ‘సెంట్’, ‘బెండ్’కు ‘బెంట్’ వచ్చిన రీతిని ఇదియు ‘వెంటె’, ‘వెంట్’ అయినది. ఇట్లు ఒకే యర్థమునకు రెండు భూతరూపములు ప్రక్కప్రక్కన నిలిచినవి. పదునాల్గవ శతాబ్దాంతమున చాసరు రచనలలో ‘వెంటె’ విరివిగా కనబడును. ‘యేడె’ అప్పుడప్పుడు తొంగిచూచును. విక్లిఫ్ అనుచరుల బైబిలు అనువాదము కూడ ఆ శతాబ్దాంతముదే. అందు ‘యేడె’ ఇంకను సజీవముగా నున్నది. 1526లో టిండేల్ ప్రకటించిన నూతన నిబంధన అనువాదమునకు వచ్చునప్పటికి ‘వెంట్’ స్థిరపడినది. 1590, 1596 సంవత్సరములలో భాగములుగ వెలువడిన ‘ఫేయరీ క్వీన్’ కావ్యమున స్పెన్సరు ప్రాచీనతా శోభకై ‘యోడ్’ను తిరిగి వాడెను గాని, ‘యేడ్’ను దానికి వర్తమానరూపముగా భ్రమించెను. ఒక మాట వ్యవహారమునుండి తొలగిన దనుటకు ఇంతకంటె స్పష్టమైన సాక్ష్య ముండబోదు. వాడువానికే దాని రూపము తెలియదు.

‘వెంట్’ను ‘గో’కు అప్పగించిన ‘వెండ్’ తన కొరకు ‘వెండెడ్’ అను కొత్త భూతరూపమును కల్పించుకొనినది. నేడది కావ్యచ్ఛాయ గల కొలది ప్రయోగములందే బ్రతుకుచున్నది. స్కాట్లండున కథ వేరు విధముగా ముగిసినది. అచ్చటివారు ‘గే’ అను తమ వర్తమానరూపమునకే సాధారణ ప్రత్యయమును చేర్చి ‘గేడ్’ అనిరి. రాబర్ట్ బర్న్స్ (1759–1796) గీతములందు ఈ రూపము కలదు. ఆంగ్లశిశువు భాష నేర్చునపుడు ‘గోడ్’ అనుటయు ఇట్టిదే. శిశువు తర్కమున తప్పు లేదు. స్కాట్లండున ఒక భాషాసమాజ మంతయు ఆ తర్కమునే యంగీకరించినది. కాని దక్షిణమున దినమునకు వందలమారులు వినబడు ‘వెంట్’ ప్రతి శిశువును త్వరలోనే దిద్దివేయును. అరుదుగ వాడబడు క్రియలు సాధారణ నియమమునకు లొంగిపోవును. ‘హెల్ప్’ క్రియకు ఒకప్పుడు గల ‘హోల్ప్’ అను భూతరూపము పోయి ‘హెల్ప్‌డ్’ వచ్చినది. నిత్యము నాలుకపై నుండునవి లొంగవు. వ్యవహారబాహుళ్యమే వాని అసాధారణత్వమునకు కోట.

4

భిన్నధాతువుల రూపములు ఒకే క్రియగా కూడుటను 1899లో హెర్మన్ ఆస్థాఫ్ ప్రత్యేకముగా పరిశీలించి, దానికి పరిపూరకత యను అర్థము వచ్చు పేరు వాడెను. ఫ్రెంచి భాషలో పోవుట అను క్రియ తుమున్నర్థకమున ‘అలె’, వర్తమానమున ‘వే’, భవిష్యత్తున ‘ఇరె’ యని మూడు మూలములనుండి రూపములను తెచ్చుకొనినది. ఆంగ్లమున సత్తార్థక క్రియ యిట్టిదే. ‘ఈజ్’ మన ‘అస్’ ధాతువునకు, ‘బీ’ మన ‘భూ’ ధాతువునకు, ‘వాజ్’ మన ‘వస్’ ధాతువునకు జ్ఞాతులు.

ఈ విషయమున మన వ్యాకరణశాస్త్రము చూపిన మార్గము గమనింపదగినది. ‘ఇ’ ధాతువునకు లుఙ్ లకారమున ‘గా’ ఆదేశమగునని పాణిని విధించెను. ‘అగాత్’ అను రూప మట్లు సిద్ధించును. ‘అస్’ స్థానమున ఆర్ధధాతుకములందు ‘భూ’ వచ్చుననియు, ‘బ్రూ’ స్థానమున ‘వచ్’ వచ్చుననియు చెప్పెను. ఇందు స్థాని యొకటి, ఆదేశ మొకటి. స్థానము మారదు, అందు కూర్చుండువాడు మారును. పాణిని చెప్పినది చరిత్ర కాదు, వ్యవహారవ్యవస్థ. ‘ఇ’, ‘గా’ అనునవి వేర్వేరు ధాతువులని చెప్పు చరిత్రకారుడును, ఒకదాని స్థానమున మరియొకటి వచ్చుననెడి వైయాకరణుడును పరస్పరము విరోధులు కారు. ‘గో’ క్రియను కూడ ఇట్లు రెండు విధముల చూడవలయును. వ్యవస్థలో ‘వెంట్’ అనునది ‘గో’కు భూతకాలాదేశము. చరిత్రలో అది ‘ఏఓడె’ ఖాళీచేసిన పీఠమును ఆక్రమించిన వేరొక క్రియ. మొదటిది చెప్పి రెండవది విడిచినచో కారణము తెలియదు. రెండవది చెప్పి మొదటిది విడిచినచో భాష రాదు.

తెలుగున ‘వచ్చె’, ‘రాక’, ‘రమ్ము’ అను రూపములను చూచి ఇదియు భిన్నధాతువుల కూడిక యని తొందరపడరాదు. తమిళమున ‘వా’, ‘వర’, ‘వందాన్’ అను రూపములను ప్రక్కన నుంచి చూచినచో ‘వర’లోని రేఫ ముందునకు జరిగి వకారము లోపించుటచే మన ‘రా’ యేర్పడినదని తెలియును. భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1961లో ప్రకటించిన తెలుగు ధాతుపరిశీలన ఇట్టి వర్ణవ్యత్యయమునకు శాస్త్రీయమైన పునాది వేసినది. చూపునకు ఒకటియైన ఆంగ్లక్రియ రెండు. చూపునకు రెండైన తెలుగుక్రియ ఒకటి.

5

ఇంతవరకు చెప్పినది రూపచరిత్ర. అర్థచరిత్ర యింతకంటె ఆశ్చర్యకరము. ‘గోయింగ్ టు’ అను పదబంధము నేటి ఆంగ్లమున భవిష్యత్కాలమును తెలుపు ప్రధానసాధనములలో నొకటి. చలనము తెలుపు మాట కాలము తెలుపు మాటగా ఎట్లు మారెను? మూడు దశలను గుర్తింపవచ్చును.

మొదటి దశలో నిజమైన ప్రయాణము, దానికొక ప్రయోజనము. షేక్స్పియరు ‘వెరోనా నగరపు ఇరువురు పెద్దమనుష్యులు’ అను నాటకమున, ఎక్కడకు త్వరపడుచున్నావని డ్యూకు అడుగగా వాలెంటైను తన లేఖలను దూతకు ఇచ్చుటకు పోవుచున్నానని ‘గోయింగ్ టు’తోడనే బదులు చెప్పును. అతడు నడచుచునే యున్నాడు. ఇచ్చుట అతని ఉద్దేశము. రెండవ దశలో నడక తొలగి ఉద్దేశము మిగులును. కుర్చీలో కూర్చుండియే లేఖ వ్రాయబోవుచున్నానని చెప్పవచ్చును. మూడవ దశలో ఉద్దేశమును తొలగి కేవల భవిష్యత్తు మిగులును. వాన కురియబోవుచున్న దనునపుడు వానకు కాళ్ళును లేవు, సంకల్పమును లేదు. ఈ దశలు ఒకదాని వెనుక నొకటి శుభ్రముగా ముగిసినవి కావు. షేక్స్పియరునకు శతాబ్దము ముందే, 1482లో అచ్చయిన ఒక గ్రంథమున, నరకమునకు కొనిపోబడనున్న ఆత్మను గూర్చి ఈ పదబంధము వాడబడినది. అచ్చట చలనమును కలదు, ఆసన్నభవిష్యత్తును కలదు. 1646లో జాషువా పూల్ తన ఆంగ్లవ్యాకరణమున దీనిని భవిష్యదర్థక చిహ్నముగా పేర్కొనెను.

అర్థము క్షీణించిన కొలది శబ్దమును క్షీణించును. నేటి వ్యవహారమున ఇది ‘గొన్న’ యని కుదించుకొనిపోయినది. కాని లండనుకు పోవుచున్నాను అను వాక్యమున ఆ కుదింపు చెల్లదు. చలనార్థమున పూర్ణరూపము, భవిష్యదర్థమున హ్రస్వరూపము. ఒకే మాట రెండైనదనుటకు ఇది నికషము. భవిష్యదర్థకమైన ‘గోయింగ్ టు’ తరువాత ‘గో’ క్రియయు, ‘కమ్’ క్రియయు నిరాటంకముగా రాగలవు. వచ్చుటకు పోవుట యనిన అర్థవిరోధము కావలసినది. ఎవ్వరికిని అట్లు తోచదు. స్వతంత్రపదములు వ్యాకరణసాధనములుగా మారు ఈ పరిణామమును 1912లో ఆంత్వాన్ మెయ్యె వ్యాకరణీకరణమని వ్యవహరించెను.

6

తెలుగు పాఠకునికి ఈ సరికి ‘పోవు’ ధాతువు స్ఫురించి యుండును. చేయన్ అను తుమున్నర్థకముపై ‘పోవు’ చేరి ‘చేయఁబోవు’ అగును. ఇందును ఆ మూడు దశలే కలవు. ‘ఆడబోయిన తీర్థ మెదురైనట్లు’ అను సామెతలో స్నానమాడుటకు కాలినడకను పోవుటయే అర్థము. ‘వినాయకుని చేయబోయిన కోతి యైనది’ అను సామెతలో ఎవ్వరును ఎచ్చటకును పోలేదు. పూనుట మాత్రమే కలదు. ‘రాఁబోవు కాలము’ అనునపుడు పూనికయు లేదు. వచ్చుట, పోవుట అను విరుద్ధక్రియలు ఒక్క పదమున కలిసి యుండియు మనకు విరోధము తోపకపోవుటకు కారణము ఆంగ్లమున జెప్పినదే. వ్యవహారమున ‘చేయడానికి పోతున్నాడు’ అన్నచో చలనము. ‘చేయబోతున్నాడు’ అన్నచో భవిష్యత్తు. సరళాదేశముతో అంటుకొనిన ‘బో’ మనకు ‘గొన్న’ వంటిది.

ఇది ఆంగ్లానుకరణము కాదు. ఆంగ్లేయులు ఈ తీరమున అడుగిడుటకు ముందటి కావ్యభాషయందే ఈ నిర్మాణము కలదు. సంబంధము లేని రెండు భాషాకుటుంబములు వేర్వేరుగా ఒకే త్రోవ నడచినవి. అట్లని ఇది అన్ని భాషలకును విధి కాదు. జర్మను భాష భవిష్యత్తునకు అగుట అను అర్థము గల క్రియను వాడుకొనినది. స్వీడిషు భాష వచ్చుట అను క్రియను కూడ వాడుకొనినది.

భూతకాలమునకును ఈ క్రియలే పనిచేసినవి. ఆంగ్లమున ‘క్రిందట’ అను అర్థము గల ‘అగో’ అను మాట ‘గడచిపోయిన’ అను పూర్వరూపమునుండి పుట్టినది. మన ‘పోయిన యేడు’ అచ్చముగా అట్టిదే. గడచినదానికిని రానున్నదానికిని ఒకే క్రియ చాలుట యెట్లు? మొదటిదానియందు కాలము మనలను దాటి పోవుచున్నది. రెండవదానియందు కర్త కార్యమువైపు పోవుచున్నాడు. నడచువాడు వేరు, నడక ఒకటే. చెడు మార్పును తెలుపుటయందును సామ్యము కలదు. పిచ్చియెత్తుట, గ్రుడ్డివాడగుట, ఆహారము పాడగుట మున్నగువానికి ఆంగ్లము ‘గో’ను వాడును, చెడిపోవు, ఎండిపోవు, విరిగిపోవు అని మనము ‘పోవు’ను వాడుదుము. మరణమునకు, నష్టమునకు రెండు భాషలందును ఈ క్రియలే చెల్లుచున్నవి.

ఇచ్చట మన భాషలోని ఒక వివాదము స్పృశింపవలసియున్నది. తీరాంధ్రమున విద్యావంతుల వ్యవహారమున చలనార్థమునకు ‘వెళ్ళు’ మర్యాదయనియు, ‘పోవు’ మోటనియు, అమంగళమనియు ఒక భావము పాతుకొనినది. తెలంగాణమునను, రాయలసీమయందును ‘పోయినాడు’, ‘పోయివచ్చెదను’ అనునవి నిత్యవ్యవహారములు. వానియందు అమర్యాద లేదు. బడిలో ఈ మాటను వాడిన బాలుని తప్పుదిద్దిన ఉపాధ్యాయులు లేకపోలేదు. చరిత్ర యేమి చెప్పుచున్నది? ‘వెలి’తో సంబంధము గల ‘వెళ్ళు’ మొదట బయలువెడలుట అను అర్థము గలది. తిరుగుట నుండి వచ్చిన ‘వెంట్’ వలె అదియు పొరుగు అర్థమునుండి వచ్చి పీఠమున కూర్చుండినది. ‘పోవు’ను ఆ పీఠమునుండి లేపినవారు కూడ దానిని భాషనుండి పంపలేకపోయిరి. ‘వెళ్ళబోవుచున్నాడు’, ‘వెళ్ళిపోయినాడు’ అనునపుడు చలనము ‘వెళ్ళు’ది, కాలమును సమాప్తియు ‘పోవు’వి. మోటయని వెలివేసిన మాట లేనిదే మర్యాదవాక్యము పూర్తికాదు.

7

పై విచారణవలన తేలిన దేమనగా, పదము పుట్టుక యొకటి, వ్యవస్థలో దాని స్థాన మొకటి, వాడుకలో దాని పని యొకటి. ఈ మూడింటిని వేరుపరుపక వ్రాసిన పదచరిత్ర సమగ్రము కాజాలదు. పుట్టుకను చెవితో నిర్ణయించినచో ‘గో’ను ‘గమ్’కు దత్తతనిచ్చు పొరపాటు కలుగును. స్థానమును గుర్తింపనిచో ‘వెంట్’ను వికృతరూపమని కంఠస్థము చేయించి ఊరకుందుము. పనిని గమనింపనిచో నిఘంటువున ‘గో’కు ఎదుట ‘పోవు, వెళ్ళు’ అని రెండు మాటలు వ్రాసి, ఆ క్రియ చేయుచున్న పనులలో సగమునకు పైగా విడిచివేయుదుము. ఆంగ్లాంధ్ర నిఘంటువులను సంస్కరింపబూను పరిశోధకులు ఇట్టి క్రియలకు అర్థములనుగాక పనులను వరుసగా పేర్కొని, ప్రతిదానికిని తెలుగున ఆ పనిచేయు ప్రత్యయమునో, సహాయక్రియనో చూపుట యుక్తము.

అర్థము క్షీణించినదని, రూపము చెడినదని మాటలను నిందించుటకు ముందు ఈ చిన్న క్రియను తలంచుకొనుట మంచిది. తన భూతకాలమును పోగొట్టుకొని పరులది తెచ్చుకొనినది. తన చలనార్థమును చాల ప్రయోగములందు విడిచినది. అయినను, ఆ విడుపుల వలననే ఆంగ్లమున దాని వ్యాప్తి పెరిగినది. ‘పోవు’ విషయమునను ఇంతే. ప్రాంతీయ వ్యవహారములను సేకరించు విద్యార్థులు ఆ క్రియ ఏ మండలమున ఏ స్థానమును నిలుపుకొనినదో, ఏ స్థానమును ‘వెళ్ళు’కు విడిచినదో విడివిడిగా నమోదు చేసినచో, ఒక ఆదేశము జరుగుచుండగా కన్నులార చూచిన వారగుదురు. ఆంగ్లమున ఆ యవకాశము 1500 ప్రాంతముననే గడచిపోయినది. మనకింకను గడచిపోలేదు.